బొడ్డుకు కట్టిన దారం

మా ఇంట్లో బీరువాకు తాళం వేయం. దాచుకునేంత బంగారమేమీ లేదు, ఉన్న రెండు గాజులూ నా చేతులకే ఉంటాయి. కానీ ఆ బీరువాలో నా పెళ్లి చీర మడతల మధ్య, అరచేతిలో ఇమిడే చెక్క భరిణె ఒకటి ఉంది. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే మాత్రం నేను ఊరుకోను. ఒకసారి మా ఆయన తలనొప్పి బిళ్ల కోసం వెతుకుతూ దాని మూత తీశాడని రెండు రోజులు మాట్లాడలేదు. "గా ఎండిపోయిన ముక్క కోసం మొగని మీద అలుగుతవా?" అన్నాడు. అలుగుతాను మరి. ఆ ఎండిపోయిన ముక్క నా బిడ్డ బొడ్డు.

నా బిడ్డ పుట్టింది జఫర్‌గఢ్ పక్కన మా తల్లిగారి ఊళ్లో. దానికి ముందు ఇద్దరు నిలవలేదు. ఒకరు మూడో నెలలో, ఒకరు అయిదో నెలలో పోయారు. అందుకని ఈసారి ఏడో నెల రాగానే అవ్వ మేముండే మానుకోటకు వచ్చి నన్ను వెంట తీసుకుపోయింది. అవ్వ అంటే మా అమ్మే, మా వైపు అమ్మను అట్లాగే పిలుస్తాం. నాతోపాటు నా కుట్టు మిషిన్‌ను కూడా బస్సు మీదికి ఎక్కించింది. మిషిన్ ఎందుకే అవ్వా అంటే, "ఖాళీగ కూసుంటే నీ నోరు ఊకుంటదా? మమ్ముల సంపుతవు. మిషిన్ తొక్కుకుంట ఉండు" అంది. నా నోటి సంగతి ఆమెకంటే ఎవరికి బాగా తెలుసు!

పత్తి ఏరే రోజులు. ఒక మధ్యాహ్నం జాకెట్టు చేతులు కుడుతుంటే నొప్పులు మొదలయ్యాయి. దవాఖానకు పోదామని బాపు జీపు మాట్లాడటానికి పరుగెత్తాడు. జీపు వచ్చేసరికి బిడ్డ వచ్చేసింది. పురుడు పోసిన మంత్రసాని ఆ ఊళ్లో సగం మందికి బొడ్డు కోసిన మనిషి. సర్పంచి పెద్దగా మాట్లాడినా సరే, "నీ బొడ్డు కోసింది నేను, నాకు జెప్తున్నవా" అనేసేది. బొడ్డుకు కట్టడానికి దారం ఇమ్మని అడిగింది. ఆ కంగారులో అవ్వకు ఇంట్లో దారమే కనబడలేదు. చివరికి నా మిషిన్ మీదున్న తెల్ల దారం ఉండనే పీక్కొచ్చింది. మంత్రసాని దాన్ని మూడు పేటలుగా పేని, ఉడుకు నీళ్లలో ముంచి, రెండు ముడులు బిగించింది.

"గట్టిదేనా మరి దారం?" అంది.

కళ్లు తెరిచే ఓపిక కూడా లేదు నాకు. అయినా నోరు ఊరుకోలేదు. "నా దారం తెగదు" అన్నాను.

గదిలో ఉన్నవాళ్లందరూ పకపకా నవ్వారు. చనిపోయేదాకా ఆ మాట ఎవరొచ్చినా చెప్పి నవ్వేది అవ్వ.

ఆరో రోజున బొడ్డు ఊడింది. అవ్వ దానికి కొంచెం పసుపు అద్ది, తన పాత చీర ముక్కలో చుట్టి, చూరు కింద నీడకు ఎండబెట్టింది. తర్వాత తన కుంకుమ భరిణె ఖాళీ చేసి తుడిచి, ఒక పసుపు కొమ్ము, రెండు లవంగాలు వేసి, అందులో పెట్టింది. "గిది మీ ఇద్దరిని కలిపిన తాడే. కోసినం గని పారేస్తమా?" అని నా చేతిలో పెట్టింది. దాన్ని ఎవరికీ చూపొద్దని, పిల్లలు లేనివాళ్లు ఎత్తుకుపోతారని కూడా చెప్పి, నేను అక్కడున్న అయిదు నెలలూ బియ్యం గుమ్మిలో దాచిపెట్టింది. ఆ మాట అప్పుడు నాకు తప్పుగా తోచలేదు. తర్వాతెప్పుడో ఒక సంగతి తట్టింది. నా ఇద్దరూ పోయిన ఆ కాలంలో నన్ను చూసి కూడా ఎవరో ఒకరు తమ భరిణెలు దాచుకునే ఉంటారు.

ఆ తర్వాత నాకు మళ్లీ కడుపు పండలేదు. ఒక్కతే బిడ్డ. అది పెరిగేకొద్దీ దాని చిన్న గౌనులన్నీ ఎవరెవరికో ఇచ్చేశాను, గిలకలు పోయాయి, ఉయ్యాల తాళ్లు పుచ్చిపోయాయి. భరిణె మాత్రం మిగిలింది. ప్రతి పుట్టినరోజుకు తలస్నానం చేసి, "అమ్మా, నా బొడ్డు చూపెట్టు" అని నా ముందు కూర్చునేది. చూపించేదాన్ని. నల్లగా ఎండి, చిటికెన వేలు గోరంత ఉండేది. "నేను గింతనేనా?" అనేది ప్రతిసారీ, ప్రతిసారీ అంతే ఆశ్చర్యంగా. రెండో తరగతిలో ఉండగా నాకు చెప్పకుండా దాన్ని పెన్సిల్ డబ్బాలో పెట్టుకొని బడికి పోయింది, దోస్తులకు చూపించడానికి. సారు అది చూసి ఎండు చేప ముక్క అనుకొని బయట పారేయమన్నాడట. "చేప కాదు సార్, నేనే" అందట. సాయంత్రం ఆ సంగతి విని నేను ఏడ్చానో, నవ్వానో, వీపు మీద రెండు వేశానో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. మూడూ చేసే ఉంటాను.

ఒకసారి దానికి జ్వరం వచ్చి నాలుగు రోజులైనా దిగకపోతే అవ్వ ఊరి నుంచి వచ్చింది. ఒక పక్క దవాఖాన మందు పోస్తూనే, ఇంకో పక్క బొడ్డును సాన మీద పాలతో రెండు చుట్లు అరగదీసి నుదుటికి రాసింది. జ్వరం తగ్గింది. మందుతో తగ్గిందని మా ఆయన, బొడ్డుతో తగ్గిందని అవ్వ. ఇద్దరూ ఆ వారమంతా కొట్లాడుకున్నారు. నాకు మాత్రం ఆ రెండు చుట్లు అరిగిపోయినందుకు బాధగా ఉండేది. పైకి అంటే నవ్వుతారని అనలేదు.

దాని పెళ్లికి ఉన్నవన్నీ ఇచ్చాం. బిందెలు, కొత్త బీరువా, అవ్వ ఎప్పుడో నాకు పెట్టిన పట్టుచీర, అప్పగింతల రోజున నా మెడలోని పుస్తెల తాడు, చేతుల రెండు గాజులు తప్ప అన్నీ. భరిణె కూడా పెట్టెలో పెడదామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. పెట్టలేదు. బిడ్డనే ఇచ్చాను కదా, ఇంకా ఇదెందుకు అనుకున్నాను. స్వార్థమే. కాదని ఎవరన్నారు?

బిడ్డను ఇచ్చింది భూపాలపల్లి దగ్గర ఊరికి. అల్లుడు మంచివాడు. వియ్యపురాలు మాత్రం మాట్లాడితే ముత్యాలు రాలతాయన్నట్టు ఉండేది. పొడుగు మనిషి, ముఖంలో నవ్వు దొరకదు. నేనేమో గుక్క తిప్పుకోకుండా మాట్లాడేదాన్ని. వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలంటారు. మా ఇద్దరిలో ఒకరికి నోరు లేదు, ఒకరికి నోరే ఉంది, ఇంక ఉజ్జీ ఎక్కడిది? పెళ్లైన కొత్తలో నా బిడ్డ ఆ ఇంటి మామిడికాయ పచ్చడి జాడీలో తడి గరిటె పెట్టింది. ఏడాదికి సరిపడా పెట్టిన పచ్చడి బూజు పట్టిపోయింది. అత్త ఒక్క మాట కూడా అనలేదట. ఆ అనకపోవడమే దానికి భయమైపోయింది. "తిట్టినా మంచిగుండు అమ్మా, సూసి ఊకుంటది" అని ఫోన్లో ఏడ్చేది. ఏడాదిన్నర గడిచినా అత్తా కోడళ్లు బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చున్న కొత్తవాళ్లలాగే ఉండేవాళ్లు.

మొన్న ఎండాకాలంలో బిడ్డ కాన్పుకు మానుకోటకే వచ్చింది. దవాఖానలో మనవడు పుట్టాడు. ఈ కాలం బొడ్డుకు దారం లేదు, మంత్రసాని లేదు. గులాబీ రంగు ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి టక్కున నొక్కి పెట్టారు, ఆరేసిన బట్టలకు పెట్టినట్టు. ఏమీ పూయొద్దు, పొడిగా ఉంచండి, అదే ఊడిపోతుంది అంది నర్సమ్మ. మూడో రోజున వియ్యపురాలు చూడటానికి వచ్చింది. మనవడిని ఒళ్లో పెట్టుకొని చాలాసేపు చూసింది. పొట్ట మీద గుడ్డ తీసి ఆ క్లిప్పు కూడా చూసింది. పోయేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి నాతో అంది:

"వదినా, ఒక్కటే అడుగుతున్న. బొడ్డు ఊడినంక జర పైలంగ పెట్టు. మా ఇంట్ల వెండి తాయెత్తుల పెట్టి మొలకు కడ్తం. పోగొట్టొద్దు."

ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. "గదెంత పని వదినా, నాకిడిసిపెట్టు" అన్నాను. పక్కన మంచం మీద నుంచి బిడ్డ నా వైపే చూస్తోంది.

ఎనిమిదో రోజు పొద్దున, తడిగుడ్డతో పిల్లవాడి ఒళ్లు తుడిచి, పొత్తిగుడ్డలు మార్చి, ఊదు పొగ వేసి పడుకోబెట్టాను. తర్వాత చూస్తే పొట్ట మీద బొడ్డు లేదు. ఊడింది, సరే. ఎక్కడ ఊడింది?

పక్క దులిపాం. మంచం కింద చూశాం. బకెట్‌లో నానేసిన గుడ్డలన్నీ ఒక్కొక్కటే విప్పి చూశాను. నేను ఇల్లు ఊడ్చి చెత్త అప్పుడే మున్సిపాలిటీ ఆటోలో పోశానని గుర్తొచ్చింది. మా ఆయన బనియన్ మీదే ఆటో వెనక పరుగు తీశాడు. రెండు గల్లీల అవతల దొరకబట్టాడట. ఏం పోయిందని చెత్త ఆటో అతను అడిగితే, ఏం చెప్పాలో తోచక బంగారు ఉంగరం అన్నాడట. పాపం ఆ మనిషి తన పని వదిలేసి గంటసేపు చెత్తంతా కర్రతో కెలికి వెతికిపెట్టాడు. మా ఆయన తిరిగొచ్చి, స్నానం చేసి, "ఉంగరం దొరకలే" అన్నాడు. ఇంకోసారైతే నవ్వేదాన్ని.

బిడ్డ మంచం మీద కూర్చొని ఏడుస్తోంది. "ఒక్కటే అడిగింది అమ్మా అత్తమ్మ. పచ్చడి పాడు చేసిన. ఇప్పుడు కొడుకు బొడ్డు కూడ కాపాడుకోలేదనుకుంటది. అనకుండ సూస్తది. నేనెట్ల పోవాలె గా ఇంటికి?"

"నీదేం తప్పు? పోగొట్టింది నేను" అన్నాను.

"నువ్వు పోగొట్టినా నేను పోగొట్టినట్టే. తల్లిని నేనే గద."

బాలింత అట్లా వెక్కి వెక్కి ఏడుస్తుంటే చూడలేకపోయాను. మధ్యాహ్నం అది కన్నంటుకోగానే బీరువా తెరిచాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. "ఉన్న మాట చెప్పరాదు? మనుషులే గద వాళ్లు" అన్నాడు. నువ్వు పోయి చెప్పు అన్నాను. నోరు మూసుకొని బయటికి పోయాడు.

భరిణె ఒళ్లో పెట్టుకొని ఎంతసేపు కూర్చున్నానో. ఇరవై ఎనిమిదేళ్లు దాచాను. పెళ్లికి ఇవ్వనిది, మొగుడు ముట్టుకుంటే నేను అలిగినది. నా బిడ్డను రెండోసారి అప్పగింతలు పెడుతున్నట్టు ఉంది. చివరికి తీసి, కొత్త తెల్ల గుడ్డలో చుట్టి, గట్టిగా కుట్టినంత పని చేసి ముడి వేశాను. బిడ్డ లేవగానే చెప్పాను. "దొరికిందే! పొత్తిగుడ్డల మడతల ఉండె. మూట గట్టిన, ముట్టకు, గాలి తగలొద్దు." దాని ముఖం వెలిగిపోయింది. ఆ ముఖం చూశాక నేను చేసింది తప్పని అనిపించలేదు.

ఇరవై ఒకటో రోజున తొట్టెల చేశాం. భూపాలపల్లి నుంచి బంధువులంతా వచ్చారు. పిల్లవాడిని తొట్టెలలో వేసి పాటలు పాడి, భోజనాలు అయ్యాక వియ్యపురాలు నన్ను లోపలికి పిలిచింది. మూట ఇచ్చాను. ముడి విప్పి, బొడ్డును కిటికీ వెలుగులో పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. బొటనవేలి గోరుతో ఒకచోట మెల్లగా తడిమింది.

"క్లిప్పేది?" అంది.

"తీసి పారేసిన వదినా. ప్లాస్టిక్‌ది ఎందుకని."

"పదమూడు దినాలకే గింత మంచిగ ఎండిందా?"

"మాది రేకుల ఇల్లు గద వదినా. ఎండాకాలం ఉడుకు మీద ఉడుకు. వడియాలు కూడ ఒక్క పూటల ఎండుతయి మా ఇంట్ల."

"ఊఁ" అని మళ్లీ చుట్టి కొంగున ముడి వేసుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకపోయినా నేను ఆ రోజు ఆమెకు మా రేకుల సంగతి ఇంకో రెండుసార్లు చెప్పాను.

అయిదో నెలలో బిడ్డ అత్తగారింటికి పోయింది. ఫోన్లో చూపించింది, పిల్లవాడి మొలతాడుకు చింతగింజంత వెండి తాయెత్తు. అవుసులాయన, అంటే కంసాలి, అందులో బొడ్డు పెట్టి లక్కతో మూత బిగించాడట. "మంచిగుంది గదమ్మా?" అంది. మంచిగుంది బిడ్డా అన్నాను. ఫోన్ పెట్టేసి బీరువా తెరిచి భరిణె మూత తీశాను. పసుపు కొమ్ము, రెండు లవంగాలు ఉన్నాయి. అవి కూడా వాసన పోయాయి. ఖాళీ అని తెలిసీ ఆ వారంలో ఎన్నిసార్లు తెరిచానో చెప్పుకుంటే సిగ్గు.

మనవడికి చలికాలానికి బొంత కుడదామని ఒకరోజు మిషిన్ కింద ఉండే గుడ్డ ముక్కల సంచి నేల మీద కుమ్మరించాను. జాకెట్టు ముక్కలు, లైనింగు ముక్కలు, వాటి మధ్య చిరిగిపోయిన పొత్తిగుడ్డ ఒకటి. చిరిగిందని నేనే అందులో పడేశాను. దాని అంచు దారాల్లో పళ్లు దిగి పట్టుకొని, గులాబీ రంగు క్లిప్పు. క్లిప్పు చివర బొడ్డు.

అట్లాగే నేల మీద కూలబడ్డాను. ఓరి దేవుడా, మిషిన్ తొక్కుతూ నా కాలి కిందే ఉంది ఇన్ని నెలలూ!

మా ఆయన మాట ఏమిటంటే, ఎట్లాగూ అంతా సర్దుకుంది, ఇది ఆ భరిణెలో పెట్టుకొని ఊరుకో అని. రెండు రోజులు ఊరుకున్నాను కూడా. కానీ నాకు నా బిడ్డది కావాలి. మనవడిది మనవడికి ఇచ్చేసి, తిట్లు తినాల్సి వస్తే తిని, నాది నేను తెచ్చుకుంటాను. బిడ్డ మీదికి మాట రాకుండా తప్పంతా నా నెత్తిన వేసుకుంటాను. అట్లా అనుకొని మూడో రోజు పొద్దున్నే బస్సెక్కాను. గూడూరు దాటి నర్సంపేట, అక్కడ మారి పరకాల, మళ్లీ మారి భూపాలపల్లి. ఆడవాళ్లకు పైసల్లేని జీరో టికెట్టు వచ్చినప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే చోటు లేదు. సగం దూరం నిలబడే పోయాను, సంచి ఛాతీకి అదుముకొని. ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. ఆ ఇంటి గుమ్మం తొక్కగానే ఒక్కటీ గుర్తులేదు.

బిడ్డా అల్లుడూ అంగడికి పోయారట. వియ్యపురాలు వాకిట్లో చాప మీద కందికాయలు ఒలుస్తోంది. పక్కన చిన్న బొంత మీద మనవడు బోర్లా పడి, లేవలేక, నన్ను చూసి బోసి నోటితో నవ్వాడు.

"కూసో వదినా. ముందు నీళ్లు తాగు" అంది.

తాగలేదు. సంచిలో నుంచి మూట తీసి ఆమె ముందు పెట్టాను. "వదినా, నేను తప్పు చేసిన. నా బిడ్డకు తెల్వదు, ఏమన్న అంటే నన్నే అను. నీ మనవని బొడ్డు పోగొట్టిన. గా తాయెత్తుల ఉన్నది వానిది కాదు, నా బిడ్డది. ఇగో, వానిది ఇప్పుడు దొరికింది."

ఆమె మూట విప్పింది. క్లిప్పును చూసింది. నాకు తెలిసిన ఇన్నాళ్లలో మొదటిసారి నవ్వింది.

"దొరికిందా మరి" అంది.

నాకు నోట మాట రాలేదు. నాకు! ఎట్టకేలకు, "నీకు ఎరుకేనా?" అన్నాను.

"తొట్టెల నాడే ఎరుకైంది. దానికి దారం కట్టి ఉన్నది గద వదినా. దవాఖానల దారం ఎవలు కడ్తున్నరిప్పుడు? నేను ముగ్గుర్ని ఇంట్లనే కన్న. దారం కట్టిన బొడ్డు నాకు తెల్వదా?"

దారం! ముప్పై ఏళ్లుగా దారంతో బతుకుతున్నదాన్ని. నా మిషిన్ దారమే అది. ఆ ముడి బొడ్డులోకి కుంగిపోయి, పసుపుకు నల్లబడి, చూసి చూసి నా కంటికి అది వేరే దారంగా కనబడటమే మానేసింది. క్లిప్పు గురించి అబద్ధం తయారు చేసుకున్నాను గాని ముడి గురించి తట్టనే లేదు. నా తెలివికి నేనే చెంపలు వేసుకోవాలి.

"మరి అప్పుడే అడగకపోతివి?"

ఆమె నాలుగైదు కాయలు ఒలిచింది. తర్వాత తల ఎత్తకుండానే చెప్పింది. "నా పెద్దకొడుకు బొడ్డు ఎలుక ఎత్తుకపోయింది వదినా. నీ అల్లునిదే. గూట్ల పెట్టిన, తెల్లారి సూస్తే లేదు. మా అత్త బతికున్నన్ని దినాలు గదే మాట. వానికి జ్వరమొస్తే నేనే. వాడు గోడ మీదికెళ్లి పడితే నేనే. పదో తరగతి తప్పితే గూడ, బొడ్డు పారేసిన తల్లి అని నన్నే అన్నది. గందుకే నిన్ను గట్టిగ అడిగిన. నా కోడలు మీదికి గా మాట ఎన్నడు రావొద్దని. మీరు గంత భయపడ్తరని నేననుకోలే."

అప్పటికే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ ఈ మనిషి మౌనాన్ని నేను ఎట్లా చదివాను!

"దారం సూడంగనే అర్థమైంది" అంది ఆమె. "గీమె తన బిడ్డ బొడ్డు తీసి ఇస్తున్నది, నా కోడలు నా ముంగట తల దించుకోవద్దని. నాకు మా అవ్వ గట్ల ఒకటి ఇయ్యగలిగితే గన్నేండ్లు మాట పడకపోదును. ఎట్ల వద్దంట వదినా? తల్లి బొడ్డు కొడుకు నడుముకుంటే తప్పేంది?"

పిల్లవాడు బోర్లా పడినవాడు వెల్లకిలా తిరిగి, తాయెత్తును పిడికిట్లో పట్టుకొని లాగుతున్నాడు.

"పరేషాన్ గాకు. అవుసులాయనతోటి మూత తీపిస్త. నీది నువ్వు తీస్కపో" అంది.

దాని కోసమే కదా మూడు బస్సులు మారి వచ్చింది. తీపించు అనాలి. ఆ పిడికిలిని చూశాను. "వద్దు వదినా, ఉండనీ. వాడు అలవాటు పడ్డడు" అన్నాను. నా నోరు ఎన్నో మాటలు జారింది గాని, జారినందుకు బాధపడనిది ఆ ఒక్క మాటే.

"మరి గిది?" అంది, క్లిప్పుతో ఉన్న బొడ్డును అరచేతిలో పెట్టుకొని. అడిగింది గాని ఆమె వేళ్లు దాని మీద మూసుకుంటున్నాయి. తనకు తెలియకుండానే మూసుకుంటున్నాయి. ముగ్గురిని కన్న మనిషి. అత్త మాటలు పడి పడి, ఎలుక తినగా మిగిలిన ఇద్దరివీ ఆ ఇంటి పద్ధతి ప్రకారం ఆ పిల్లల మొలలకే కట్టేసిన మనిషి. దాచుకోవడానికి ఆమెకు ఎన్నడూ ఒక్కటి మిగల్లేదు.

"నీదే వదినా. నువ్వు పెట్టుకో" అన్నాను.

"నిజంగనా?"

"నిజంగనే. గూట్ల మాత్రం పెట్టకు."

ఇద్దరం నవ్వాం. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. బొడ్డు ఎండి సన్నబడిపోయింది కనుక మెల్లగా లాగితే క్లిప్పు ఊడొచ్చింది. అప్పుడు ఆమె అంది: "నువ్వు దర్జీవి గద. దీనికి గూడ ఒక దారం కట్టు. దారం లేకుంటే నాకు బొడ్డు లెక్క అనిపిస్తలేదు."

నా సంచిలో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. తెల్ల దారం తీసి, మూడు పేటలుగా పేని, నా మనవడి బొడ్డుకు రెండు ముడులు వేశాను. కళ్లు మసకబారి ముడి సరిగ్గా కనబడలేదు.

"గట్టిదేనా దారం?" అంది వియ్యపురాలు.

ఆమెకు ఆ కథ తెలియదు. ఎవరూ చెప్పలేదు. చెప్పి చెప్పి నవ్వే అవ్వ చనిపోయి ఆరేళ్లైంది.

"నా దారం తెగదు వదినా" అన్నాను. అని, ఆ వాకిట్లోనే, కందికాయల పక్కన, అవ్వా అని గట్టిగా ఏడ్చేశాను.

అప్పుడే బిడ్డ అంగడి సంచితో లోపలికొచ్చింది. మా ఇద్దరినీ చూసి బెదిరిపోయి సంచి కింద పడేసింది. "ఏమైంది? అత్తమ్మా, ఏమైంది?"

"ఏం కాలే. ఇటు రా, కూసో" అని ఆమె కోడలిని పక్కన కూర్చోబెట్టుకొని మొత్తం తనే చెప్పింది. ఎలుక సంగతి కూడా. అంత పొడుగు మాట ఆమె మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. బిడ్డ వింటూ వింటూ మనవడి అంగీ ఎత్తి, ఆ తాయెత్తును రెండు వేళ్లతో పట్టుకొని, "గిందుల నేనున్ననా?" అంది. చిన్నప్పుడు నా ముందు కూర్చొని అడిగిన గొంతే. తర్వాత అత్త ముందున్న కందికాయలు తన వైపు కొన్ని లాక్కొని ఒలవడం మొదలుపెట్టింది. ఇద్దరి చేతులూ ఒకే గిన్నెలో పడుతున్నాయి.

సాయంత్రానికి తిరుగు బస్సెక్కాను. ఇంటికి రాగానే మా ఆయన, "తెచ్చుకున్నవా నీది?" అన్నాడు. పిడికిలి విప్పి చూపించాను. గులాబీ రంగు ప్లాస్టిక్ క్లిప్పు. ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "గిదేంది?" అన్నాడు.

అదే ఇప్పుడు నా భరిణెలో ఉంది, కొత్త పసుపు కొమ్ము, రెండు కొత్త లవంగాలతో. దాన్ని ముట్టుకున్నా ఊరుకోను.